వీధి తోట – విద్యార్థి వంతు

(ట్రస్టు విద్యార్థి వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



ఇలాంటి సభల్లో పెద్ద ఉద్యోగాలు చేసినవారో, విదేశాల్లో పేరు తెచ్చుకున్నవారో మాట్లాడటం ఆనవాయితీ. నేను ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఏం మాట్లాడమంటారని కార్యదర్శిగారిని అడిగితే, "మీ వీధి తోట గురించి చెప్పండి మాస్టారూ" అన్నారు. స్కాలర్‌షిప్పుల సభలో కూరగాయల తోట ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. చెప్పడం పూర్తయ్యాక సంబంధం ఉందో లేదో మీరే తేల్చండి.

మాది కోలారు పక్క పల్లె. మా పెద్దలు ఎన్ని తరాల కిందట అక్కడికి వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా నాయన చెరువు కింద ముప్పావు ఎకరంలో కూరగాయలు పండించేవాడు. తెల్లవారక ముందే బుట్టలు బస్సు టాపు మీద వేసుకొని బెంగళూరు మార్కెట్టుకు పోయేవాడు. నన్ను మాత్రం మడిలో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. "మన్ను పిసికింది నాతో సాలు. నువ్వు సదువుకో" అనేవాడు. ఆయన మాట ప్రకారం నేను చదువుకున్నాను. కిరణజన్య సంయోగక్రియ సమీకరణాన్ని బోర్డు మీద కళ్ళు మూసుకొని రాయగలను. కానీ మెంతులు ఎంత లోతులో చల్లాలో నలభై అయిదేళ్ళ వయసులో కూడా నాకు తెలియదు. మా నాయన కోరింది జరిగింది, కోరనిది కూడా జరిగింది.

బెంగళూరు తూర్పు శివారులో ఒక 30–40 సైటు కొని ఇల్లు కట్టుకున్నాం. అమ్మ పోయాక నాయనను మా ఇంటికి తెచ్చుకున్నాం. పాపం, ఆయనకు పొద్దుపోయేది కాదు. వరండాలో కూర్చొని పక్కనున్న ఖాళీ సైటు వైపు చూసేవాడు. అందులో వయ్యారిభామ మొక్కలు, ప్లాస్టిక్ కవర్లు, ఇల్లు కట్టినవాళ్ళు వదిలేసిన సిమెంటు పెళ్ళలు. అవి తప్ప ఇంకేమీ లేవు.

అది 2012వ సంవత్సరం. అప్పట్లో బెంగళూరులో ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. మావళ్ళిపుర చెత్త గుంత మూతపడి, వీధుల్లో చెత్త కుప్పలుగా పేరుకుపోయింది. చెత్తంతా మండూరుకు తోలితే అక్కడి ఊరివాళ్ళు రోడ్డు మీదకు వచ్చారు. వాళ్ళ పోరాటం వల్లనే 2014 డిసెంబరు 1 నుంచి మండూరుకు చెత్త పంపడం ఆపారు. మా లేఅవుట్‌కు మండూరు దూరం కాదు. మనం తిని పారేసిన అరటి తొక్క, బీన్స్ తొడిమ ఇంకొకరి ఊరి బావినీటిని పాడుచేస్తోందని నేను క్లాసులో చెప్పాను. మా నాయన క్లాసులు చెప్పలేదు. గుద్దలి తీసుకొని ఖాళీ సైటు మూలలో ఒక గుంత తవ్వాడు. నాలుగిళ్ళ తడిచెత్త అందులో వేయించి, మీద ఎండుటాకులు కప్పాడు.

మొదట ఇరుగుపొరుగువారు ముక్కు మూసుకున్నారు. వారం తరవాత వాసన రాలేదు. ఎందుకు రాలేదో సైన్సు విద్యార్థులు తెలుసుకోవాలి. వంటింటి చెత్తలో నీరు, నత్రజని ఎక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. ఒక వంతు తడిచెత్తకు రెండు మూడు వంతుల ఎండుటాకులు కలిపి, గాలి ఆడనిస్తే సూక్ష్మజీవులు దాన్ని కుళ్ళబెట్టవు, మాగబెడతాయి. దుర్వాసన వస్తోందంటే తడి ఎక్కువై గాలి ఆడటం లేదని అర్థం. మూడు నెలలు తిరిగేసరికి నల్లటి ఎరువు వచ్చింది. ఆ ఎరువుతో ఆయన నాలుగు మళ్ళు కట్టాడు. తోటకూర, మెంతి, చుక్కకూర, గోంగూర వేశాడు. గెనిమల మీద అనప పెట్టాడు. దాని కాయలనే కన్నడంలో అవరెకాయి అంటారు. సంక్రాంతి నాటికి మా వీధిలో పన్నెండు ఇళ్ళలో పితికిపప్పు వండుకున్నారు.

సాయంత్రం బడి వదిలాక వీధి పిల్లలందరూ "తాతా, తాతా" అంటూ ఆయన చుట్టూ చేరేవారు. ఒకప్పుడు నన్ను మడిలో దిగనివ్వని మనిషి ఆ పిల్లలకు విత్తనం ఎలా చల్లాలో చెయ్యి పట్టుకొని నేర్పాడు. నేనొక రోజు నవ్వుతూ అడిగాను, "నాకు వద్దన్నావే నాయనా" అని. "నీకు తిండి గింజలు వేరే దారిలో రావాలని వద్దన్నా. మన్ను చెడ్డదని కాదు" అన్నాడు. ఆ మాట నాకు యాభై ఏళ్ళు దాటాక అర్థమైంది.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ సైటు మాది కాదు. యజమాని వేరే ఊళ్ళో ఉన్నారు. ఫోనులో ఒకసారి "శుభ్రంగా ఉంచుకుంటే మంచిదే" అన్నారు. అంతే, కాగితం లేదు. 2015లో ఆయన ఇల్లు కట్టడానికి వచ్చారు. స్థలం ఆయనది, ఆయన తప్పేమీ లేదు. ఉదయం పదింటికి జేసీబీ వచ్చింది, పదకొండింటికి తోట లేదు. పిల్లలు ఏడ్చారు. పెద్దవాళ్ళం అసోసియేషన్ మీటింగులో ఒకరినొకరు తప్పుపట్టుకున్నాం. మా నాయన ఎవరినీ ఏమీ అనలేదు. ముందు రోజు సాయంత్రమే ముదిరిన కాయలన్నీ కోసి, ఎండబెట్టి, గింజలు ఒలిచి, బూడిద కలిపి గాజు సీసాల్లో దాచిపెట్టాడు. ప్రతి సీసా మీద నా చేత పేరు రాయించాడు. మరుసటి ఏడాది ఆయన కాలం చేశాడు. రెండో తోట ఆయన చూడలేదు.

రెండో తోట గురించి చెప్పే ముందు ఒక మాట. ఇదంతా మేమేదో కొత్తగా కనిపెట్టామని అనుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండు, అమెరికాలలో పార్కులు, పెరళ్ళు, బడి ఆవరణలు కూరగాయల తోటలయ్యాయి. 1965లో యుద్ధం, తిండిగింజల కొరత ఉన్న రోజుల్లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు ఢిల్లీలో తమ నివాసపు పచ్చిక బయలునే దున్నించారు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయి, చమురు, ఎరువులు రాక క్యూబా దేశం అల్లాడినప్పుడు హవానా నగరవాసులు ఖాళీ స్థలాలన్నిటిలో కూరగాయలు పండించి నిలబడ్డారు. మన దగ్గర చూస్తే, ముంబయి పోర్ట్ ట్రస్ట్ క్యాంటీన్ వంటశాల డాబా మీద 2002లో ప్రీతి పాటిల్‌గారు వంటింటి చెత్తతోనే తోట పెంచి చూపించారు. బెంగళూరులో డాక్టర్ బి.ఎన్. విశ్వనాథ్‌గారు ఏళ్ళ తరబడి మిద్దె తోటల పని నేర్పారు. తమిళనాడు ప్రభుత్వం 2013లో చెన్నై, కోయంబత్తూరు నగరవాసులకు సంచులు, విత్తనాలు, కొబ్బరిపొట్టు రాయితీ మీద ఇచ్చే పథకం తెచ్చింది. కనుక ఈ సభలో ఏ రాష్ట్రం నుంచి వచ్చినవారికైనా దారి చూపడానికి ఎవరో ఒకరు దగ్గరలోనే ఉన్నారు.

మా రెండో తోట దగ్గరలోని ప్రభుత్వ పాఠశాల వెనక ఉంది. ఈసారి ముందు కాగితం, తరవాతే గుద్దలి. ప్రధానోపాధ్యాయురాలితో, బడి అభివృద్ధి కమిటీవారితో కూర్చొని నాలుగు షరతులు రాసుకున్నాం. స్థలం బడిదే. పండినదాంట్లో మొదటి వంతు పిల్లల మధ్యాహ్న భోజనానికి. మిగిలింది పని చేసిన ఇళ్ళకు. పురుగుమందులు వాడకూడదు. మా నాయన సీసాల్లోని గింజలు తీసి చల్లాం. గోంగూర, అనప బాగా మొలిచాయి. మెంతులు మొలవలేదు. విత్తనానికీ వయసు ఉంటుంది, ఏడాదికోసారి నేలలో వేసి మళ్ళీ పట్టుకోకపోతే సీసాలోనే చచ్చిపోతుంది. ఈ పాఠం కూడా ఆ సీసాలే నేర్పాయి.

ఇన్నేళ్ళలో నేర్చుకున్నవి నాలుగు మాటల్లో చెబుతాను. మీ వీధిలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికివస్తాయి.

మొదటిది స్థలం. నోటిమాట మీద తోట వేయవద్దు. ఎవరి స్థలం, ఎన్నేళ్ళు, నీళ్ళు ఎవరివి, తాళంచెవి ఎవరి దగ్గర అన్నవి రాసుకోండి. స్థలం లేకపోతే డాబా ఉంది. అయితే తడిమట్టి చాలా బరువు. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, కంపోస్టు సమపాళ్ళలో కలిపితే బరువు తగ్గుతుంది. తొట్లను డాబా మధ్యలో కాక, గోడలు, దూలాలు ఉన్న అంచుల మీదుగా పెట్టుకోవాలి.

రెండోది మన్ను. నగర శివారు నేల అన్నిచోట్లా మంచిది కాదు. మెకానిక్ షెడ్డు, పెయింటు గోడౌను ఉన్న స్థలంలో, మురుగు కాలువ నీరు పారే చోట ఆకుకూరలు వేయకూడదు. సీసం, కాడ్మియం వంటి లోహాలు ఆకుల్లోకి చేరతాయి. కడిగితే పోవు, వండినా పోవు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో మట్టి పరీక్ష చేయించుకోవచ్చు. కానీ మామూలు పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాష్ లాంటివే చూస్తారు, ఈ లోహాలను విడిగా అడిగి చేయించుకోవాలి. అనుమానం ఉంటే ఆ నేలను ముట్టుకోక, బయటి మట్టితో తొట్లలో పెంచుకోవడం మేలు.

మూడోది నీళ్ళు. 2024 మార్చిలో బెంగళూరులో నీటి కటకట వచ్చినప్పుడు తాగేనీటిని తోటలకు వాడితే రూ. 5,000 జరిమానా అని జలమండలి ప్రకటించింది. అప్పుడు మేము సగం మళ్ళు ఎండబెట్టాం. మిగతా సగానికి ఎండుటాకులు పరిచి, బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు ఇంటింటి నుంచి పిల్లలు సీసాల్లో తెచ్చి పోశారు. వాననీటి లెక్క ఒకటి చెబుతాను, ఇంటికి వెళ్ళి మీరే వేసి చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల ఒక్క వానకు 900 లీటర్ల పైచిలుకు. ఆ నీళ్ళన్నీ మనం పైపులో నుంచి రోడ్డు మీదకు వదిలేస్తున్నాం. గోదావరి ఒడ్డున ఉన్న యానాంవారికి ఈ బాధ తక్కువ కావచ్చు. వారికి నీరు నిలవకుండా ఎత్తు మళ్ళు కట్టుకోవడం ముఖ్యం. ఎవరి ఊరి నీటి లెక్క వారు వేసుకోవాలి.

నాలుగోది, అన్నిటికంటే కష్టమైనది, వంతు. మా తోటలో పురుగు పట్టి పోయిన మొక్కలు తక్కువ. పేనుబంకకు లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి చల్లితే సరిపోయేది. మొక్కలు ఎక్కువగా పోయింది సెలవుల్లో. మొదటి దసరాకు అందరం ఊళ్ళకు వెళ్ళాం. వేరేవాళ్ళు నీళ్ళు పోస్తారులే అని ప్రతివారూ అనుకున్నారు. పది రోజుల తరవాత వచ్చి చూస్తే నారంతా మాడిపోయింది. అప్పటినుంచి గోడ మీద వంతుల పట్టిక రాశాం. ప్రతి రోజుకు రెండు ఇళ్ళ పేర్లు. ఊరికి వెళ్ళేవారు తమ బదులు ఇంకొకరి పేరు రాసి మరీ వెళ్ళాలి. డాక్టరుగారి ఇల్లయినా, ఆటో నడిపే తమ్ముడి ఇల్లయినా వరస ఒక్కటే. ఈ పట్టిక వల్ల తోట నిలబడింది. ఏళ్ళ తరబడి ఎదురెదురుగా ఉండి పలకరించుకోని ఇళ్ళవారు పలకరించుకోవడం మొదలుపెట్టారు.

మరి ఈ తోటల వల్ల కడుపు నిండుతుందా? నిండదు. అబద్ధం చెప్పను. బియ్యం, రాగులు, పప్పులు వీధి తోటలో పండవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ఒక మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి, అందులో 100 గ్రాములు ఆకుకూరలు ఉండాలి. నలుగురున్న ఇంటికి రోజుకు 400 గ్రాముల ఆకుకూర. ఎన్ని ఇళ్ళలో తింటున్నాం? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవారిలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆకుకూరలు తింటే చాలు అంతా తగ్గిపోతుందని నేను అనను, దానికి డాక్టరును చూడాలి. కానీ ఆకుకూర 25, 30 రోజుల్లో కోతకు వస్తుంది, మునగచెట్టు ఒకటుంటే వీధికంతా ఆకు వస్తుంది. వీధి తోట తీర్చగలిగిన లోటు ఇది. బడిలో పప్పులో మునగాకు, తోటకూర వేయడం మొదలుపెట్టాక పిల్లలు మొదట పక్కకు తీసి పెట్టేవారు. తాము నీళ్ళు పోసిన మడిలోదని తెలిశాక తినడం మొదలుపెట్టారు.

మిగతా తిండికి మనకు రైతు కావాలి. 1959లో బెంగళూరు చుట్టుపక్కల ద్రాక్ష రైతుల సహకార సంఘంగా పుట్టినదే నేటి హాప్‌కామ్స్. ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. అదే సంవత్సరం నవంబరు 14న మదురైలో తొలి ఉళవర్ సందై తెరిచారు. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలన్నదే వీటి ఉద్దేశం. అలాంటి చోట కొనండి. ఒక్క నెల మెంతి మడి పెంచినవాడు కట్ట పదిరూపాయలంటే "అయిదుకివ్వు" అని బేరమాడడు. మా పిల్లల్లో నేను చూసిన మార్పు ఇది.

ఇంకొక సంగతి చెప్పాలి. మా బడి తోటలో పిల్లలు ప్రతి మడికి ఒక పలక పెట్టారు. ఆ బడిలో కన్నడం, తెలుగు, తమిళం, మరాఠీ, ఒడియా మాట్లాడే కూలీల, డ్రైవర్ల పిల్లలున్నారు. గోంగూర పలక మీద కన్నడంలో పుండి సొప్పు, తమిళంలో పుళిచ్చ కీరై, మరాఠీలో అంబాడి అని రాశారు. బచ్చలి పలక మీద బసళె, పసలై కీరై, ఒడియాలో పోయి శాగ. మునగకు నుగ్గె, మురుంగై, శేవగా, సజనా. మా మనవరాలు తెలుగు అక్షరాలు రాయడం నేర్చుకున్నది ఆ పలకల మీదనే. మనం ఎక్కడెక్కడో స్థిరపడిన తెలుగువాళ్ళం. మన పిల్లల నోట తెలుగు నిలవడం లేదని ప్రతి సభలో బాధపడుతుంటాం. పుస్తకం తెరవమంటే తెరవని పిల్ల పొన్నగంటి కూరను, సోయికూరను చూసి పేరు చెబుతుంది, రోజూ చేతితో ముట్టుకుంటుంది కనుక.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మనవి. మా తోట మొదలైన కొత్తలో ఒక తల్లి వచ్చి నాతో గట్టిగా మాట్లాడింది. "మాస్టారూ, మేము మట్టి పని వదిలి ఊరు దాటి వచ్చిందే పిల్లలు చదువుకోవాలని. మీరు మళ్ళీ గుద్దలి పట్టిస్తారా?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. మా నాయన కూడా అదే అన్నాడు కదా. నేను ఒకటే చెప్పాను: "అమ్మా, వారానికి గంటన్నర. చదువు పాడైతే నన్ను అడుగు." ఆమె కూతురు ఆ గంటన్నరలో కంపోస్టు గుంత వేడిని రోజూ థర్మామీటరుతో కొలిచి నోటుబుక్కులో రాసింది. పదో తరగతిలో సైన్సు ప్రాజెక్టు అదే చేసింది. తరవాత తోటల పెంపకం డిగ్రీలో చేరింది. ఆ అమ్మాయికి మొదటి ఏడాది ఫీజు కట్టినప్పుడు కొంత సొమ్ము ఇలాంటి ఒక ట్రస్టే ఇచ్చింది. ఇప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా గోడ మీది పట్టికలో తన పేరు తానే రాసుకుంటుంది. ఆ తల్లి కూడా ఇప్పుడు బుధవారం వంతులో ఉంది.

విద్యార్థులారా, ఇక మీతో రెండు మాటలు. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు ఊరూరా విత్తనాల నిధి నడుపుతున్నారు. విత్తనం కావలసినవారు తీసుకుంటారు. పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. అది ఇంకొకరికి వెళుతుంది. ఆ సొసైటీకి 2019లో అంతర్జాతీయ స్థాయిలో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మీరీ రోజు అందుకుంటున్న చెక్కు కూడా అలాంటి విత్తనమే. ఈ సొమ్ములో ఎవరిదో పెన్షను ఉంది, ఎవరిదో కొట్టు లాభం ఉంది, ఎవరో పెళ్ళి ఖర్చు తగ్గించి ఇచ్చినది ఉంది. దాన్ని సీసాలో దాచుకుంటే మా మెంతుల్లాగా మొలక పోగొట్టుకుంటుంది. డబ్బు రూపంలో తిరిగి ఇవ్వడానికి మీకు ఇంకా ఏళ్ళు పడుతుంది. కానీ వంతు ఇప్పుడే చేయవచ్చు. వీధిలో ఒక మడికి నీళ్ళు పోయడం, చిన్నతరగతి పిల్లవాడికి లెక్క చెప్పడం, ఇంట్లో తడిచెత్త, పొడిచెత్త వేరుచేయడం. వీటికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఈ సభకు మా నాయన గింజలు కొన్ని తెచ్చాను. గోంగూర, అనప. ఇవి ఆయన దాచిన గింజలు కావు, వాటి సంతానం, ఎన్నోసార్లు నేలలో పడి తిరిగి వచ్చినవి. బయట బల్ల మీద చిన్న పొట్లాలు ఉన్నాయి. కావలసినవారు తీసుకోండి. డబ్బులు అక్కరలేదు. గోంగూర ఎప్పుడైనా చల్లవచ్చు. అనప మాత్రం వానాకాలంలో వేస్తే సంక్రాంతికి కాపు వస్తుంది. వచ్చే ఏడాది ఈ సభకు వచ్చేటప్పుడు ప్రతి పొట్లానికి రెండు పొట్లాలు తెచ్చి అదే బల్ల మీద పెట్టండి. ఎవరు తెచ్చారో, ఎవరు తేలేదో నేను లెక్క చూడను. మీ పేరు మీరే రాసుకోండి.